ఆచంద్రార్కం నుంచి టైమ్ స్లాట్ దాకా: తిరుపతి సీమలో కాలం చెప్పే తీరు

తిరుమల కొండ పాదాన ఉన్న అలిపిరి నుంచి ఆనందనిలయం దాకా సాగే మెట్లదారి పొడవునా, దిగువన తిరుపతి పట్టణంలోనూ, వేయి సంవత్సరాలకు పైబడి కాలాన్ని మాటల్లో నిర్దేశించిన ఆధారాలు పొరలు పొరలుగా పేరుకొని ఉన్నాయి. రాజులు, రాణులు వేయించిన శాసనాలు, తాళ్లపాక వారి రాగిరేకులు, మహంతుల కాలపు జమాఖర్చులు, కుంపిణీ దొరల రెవెన్యూ లెక్కలు, రైలు వేళలు, నేటి దర్శన టోకెన్లు అన్నీ ఏ పని ఎప్పుడు జరిగిందో, ఎప్పటినుంచి ఎప్పటిదాకా జరగాలో చెప్పడానికి తమ తమ పలుకుబడిని ఏర్పరచుకున్నాయి. వాక్యంలో ఎప్పుడు, ఎంతసేపు, ఎన్నాళ్లకొకసారి అన్న ప్రశ్నలకు జవాబుగా నిలిచే మాటల కూర్పును కాలవాచక పదబంధం అనవచ్చు. ఇంగ్లీషు నేర్చుకొనే తెలుగు విద్యార్థి ఎక్కువగా తడబడేది ఇటువంటి పదబంధాల దగ్గరే గనుక, ఆ తడబాటుకు మూలాలను ఈ సీమ చరిత్రలో వెదకడం వ్యాకరణ సూత్రాలను వల్లె వేయించడం కంటే ఎక్కువ ఫలితమిస్తుంది.

తిరుమల ఆలయ శాసనాలలో అధిక భాగం తమిళంలో ఉన్నాయి, తెలుగు, కన్నడ శాసనాలు వాటితో పోలిస్తే చాలా తక్కువ. పల్లవ వంశానికి చెందిన సామవై అనే రాణి, నేటికీ ఏకాంతసేవలో పవళింపు అందుకొనే భోగ శ్రీనివాసుని వెండి విగ్రహాన్ని సమర్పించి, పెరటాసి మాసపు ఉత్సవానికి భూములిచ్చిన దానశాసనాన్ని చరిత్రకారులు సుమారు క్రీ.శ. 966 నాటిదిగా లెక్కించారు. అయితే ఆ శాసనం కాలాన్ని చెప్పిన పద్ధతి వేరు, ఏలుబడిలో ఉన్న రాజు పేరు చెప్పి, అతని పాలనలో అది 14వ సంవత్సరమని పేర్కొంటుంది. దీనిని రాజ్యవర్ష పద్ధతి అంటారు. రాజు మారితే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది గనుక, ఆ రాజును గుర్తుంచుకొన్నవారు ఉన్నంతకాలమే ఆ లెక్క అర్థవంతం. విజయనగర కాలానికి వచ్చేసరికి ఈ లోటు తీరిపోయింది. శాలివాహన శక సంవత్సరం, ప్రభవాది అరవై సంవత్సరాలలో ఒకదాని పేరు, సౌరమాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం వరుసగా చెప్పడం తిరుమల శాసనాలలో స్థిరపడింది. కృష్ణదేవరాయలు తొలిసారి స్వామిని సేవించుకొన్న సందర్భం శక సంవత్సరం 1434, ఆంగీరసగా నమోదైంది, ఇంగ్లీషు లెక్కకు తిప్పితే అది 1513 ఫిబ్రవరి 10.

ఈ వరుసలోని క్రమం గమనించదగినది. అన్నిటికంటే విశాలమైన కాలాన్ని ముందు చెప్పి, అందులోంచి చిన్నదానికి, దానిలోంచి ఇంకా చిన్నదానికి దిగుతూ పోవడం ఇక్కడి పద్ధతి. పూజకు ముందు చేసే సంకల్పం, అంటే ఈ కర్మను ఫలానా కాలంలో, ఫలానా చోట, ఫలానా కోరికతో చేస్తున్నానని పలికే ప్రకటన, ఇదే క్రమాన్ని మరింత దూరం తీసుకుపోతుంది. అది బ్రహ్మ ఆయుర్దాయంలోని రెండో సగంతో మొదలై, కల్పం, మన్వంతరం, కలియుగ ప్రథమపాదం దాటుకొని, సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం దాకా దిగివచ్చి, చివర కర్త గోత్రనామాల దగ్గర ఆగుతుంది. చదువురాని గృహస్థు సైతం పురోహితుని వెంట ఈ వాక్యాన్ని జీవితంలో అనేకసార్లు పలికి ఉంటాడు కనుక, పెద్దది ముందు, చిన్నది వెనుక అనే అమరిక తెలుగువారి చెవికి సహజమైపోయింది. తెలుగు వాక్యనిర్మాణమే విశేషణాన్ని విశేష్యానికి ముందుంచేది కావడంతో, భాష స్వభావమూ ఆచారమూ ఈ విషయంలో ఒకే దిక్కుకు నడిచాయి.

దానం ఎప్పుడు మొదలైందో ఇంత వివరంగా చెప్పిన శాసనకర్తలు, అది ఎంతకాలం సాగాలో చెప్పవలసి వచ్చినప్పుడు లెక్కలన్నిటినీ పక్కనపెట్టారు. సూర్యచంద్రులు ఉన్నంతవరకు అనే అర్థంలో సంస్కృత, తెలుగు శాసనాలు ఆచంద్రార్కం అన్నాయి, తమిళ శాసనాలు చంద్రాదిత్యుల వరకు అన్నాయి. ఆరంభానికి తిథివార నక్షత్రాలు, అంతానికి ఆకాశం. దాత తన తరువాత వచ్చే అధికారులను, స్థానత్తారులనబడే ఆలయ నిర్వాహకులను ఒక మాటతో కట్టివేయడానికి వాడిన ఈ పదబంధం న్యాయపరంగా ఎంతో బలమైనది, ఎందుకంటే గడువు లేని దానాన్ని గడువు ముగిసిందని ఎవరూ ఆపలేరు.

కాలవ్యవధికి మొదలూ చివరా రెండూ నిర్దేశించిన అరుదైన తెలుగు ఆధారం తాళ్లపాక వారి తొలి రాగిరేకులో దొరుకుతుంది. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో శతాబ్దాలపాటు ఉండిపోయి, 1920లలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి కృషితో వెలుగుచూసిన ఆ రేకులలో ఒకటి, అన్నమాచార్యులకు పదహారేళ్ల ప్రాయంలో, శక సంవత్సరం 1346 క్రోధిలో, స్వామి ప్రత్యక్షమయ్యాడని చెప్పి, అది మొదలుకొని శక సంవత్సరం 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా ఆయన సంకీర్తనలు విన్నవించారని నమోదు చేస్తుంది. అంటే 1424 నుంచి 1503 ఫిబ్రవరి 23 వరకు. ఒక మనిషి జీవితకాలపు రచన అంతటినీ ఒకే వాక్యంలో నుంచి, దాకా అనే రెండు కొసల మధ్య నిలబెట్టిన ఈ రేకు, తెలుగు సాహిత్య చరిత్రలో కాలనిర్ణయానికి ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. పూర్వకవులలో చాలామంది కాలాన్ని పండితులు ఊహలతో, పరోక్ష సాక్ష్యాలతో తేల్చుకోవలసి రాగా, అన్నమయ్య విషయంలో ఆ శ్రమ తప్పింది. రేకు చెక్కించినవారు శక సంఖ్యనూ వత్సరనామాన్నీ రెంటినీ చెప్పడంలో జాగ్రత్త కనిపిస్తుంది, ఎందుకంటే క్రోధి అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తుంది. ఆయన తొలి సంకీర్తన పాడిన క్రోధి తరువాత సరిగ్గా పది ఆవృత్తాలు గడిచి, 2024 ఉగాదినాడు మళ్లీ క్రోధి ప్రవేశించింది. వత్సరనామం ఒక్కటే ఉండి ఉంటే చరిత్రకారుడు ఆ ఆరు వందల ఏళ్లలో ఎక్కడైనా దారి తప్పేవాడు.

ఏడాది నుంచి రోజుకు దిగితే, పూర్వం రోజును అరవై గడియలుగా లెక్కించేవారు. గడియ అంటే నేటి 24 నిమిషాలు, అందులో అరవయ్యో వంతు విగడియ, రెండు గడియలు ముహూర్తం, ఏడున్నర గడియలు జాము. అడుగున సన్నని రంధ్రమున్న లోహపు గిన్నెను నీటిపై తేల్చి, అది నిండి మునిగేందుకు పట్టే కాలాన్ని గడియగా గుర్తించి, గంట మోగించి ఊరికి తెలియజేసేవారు. ఈ లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది. ఆలయంలో ఇదే లెక్క సేవల క్రమంగా మారింది. సుప్రభాతం, తోమాల, కొలువు, అర్చన, మొదటి గంట, రెండో గంట, రాత్రి గంట, ఏకాంతసేవ అన్నవి తిరుమలలో సేవల, నివేదనల పేర్లే అయినా, కొండమీద బతుకు గడిపినవారికి కాలసూచికలు కూడా. గంట అనబడేది స్వామికి నైవేద్యం పెట్టే వేళ మోగే ఘంటానాదం కాబట్టి, రెండో గంట అయ్యాక అనే మాటకు గడియారపు ముల్లుతో సంబంధం లేదు, నివేదన ముగిసిందన్నదే దాని అర్థం. వీటిలో కొలువు ఈ వ్యాసవిషయానికి అత్యంత సన్నిహితమైనది. తోమాల సేవ తరువాత కొలువు శ్రీనివాసమూర్తిని స్నపన మండపంలో బంగారు కుర్చీపై వేంచేపు చేసి, ఆనాటి తిథి, వార, నక్షత్ర, యోగ, కరణాలను చదివి వినిపించి, ముందురోజు వచ్చిన ఆదాయాన్ని నివేదిస్తారు. కాలాన్ని దేవునికే విన్నవించే ఈ ఆచారం ప్రతిరోజూ నేటికీ సాగుతోంది. ఈ సీమలో కాలం చెప్పడమన్నది సమాచారం అందించడంతో ఆగక, లెక్క అప్పజెప్పడం కూడా అయిందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ కనిపించదు.

వాడుకలో, చిత్తూరు పల్లెల మాటతీరు గడియల లెక్కకు దూరంగా, కంటికీ చెవికీ అందే గుర్తులను ఆశ్రయించింది. కోడికూసే యాళ, ఏకువజాము, పైటాల, సందకాడ, పొద్దుగూకినాక, మాపు వంటివి రైతు రోజును విభజించాయి. ఈ పలుకుబడిలో కొంత భాగం నామిని సుబ్రహ్మణ్యం నాయుడు వంటి తిరుపతి ప్రాంత రచయితల కథల ద్వారా అచ్చులోకి ఎక్కి నిలబడింది, మిగిలినది వృద్ధుల నోటనే ఉంది. మాసాల విషయంలో ఈ సీమకు మరొక ప్రత్యేకత ఉంది. ఉగాది, శ్రావణమాసం చాంద్రమానాన్ని అనుసరించగా, పెరటాసి శనివారాలు, ఆడికృత్తిక సౌరమానపు తమిళ మాసాలను అనుసరిస్తాయి. ఒకే ఇంట్లో రెండు పంచాంగాల మాసాలు ఏ గందరగోళమూ లేకుండా పక్కపక్కన నడవడం ఉమ్మడి చిత్తూరు జిల్లావారికి మామూలు విషయమే అయినా, కోస్తా, తెలంగాణ పాఠకులకు వివరించవలసిన విషయం.

ఆర్కాటు నవాబుల ఏలుబడిలోనూ, 1801లో వారి నుంచి ఈ ప్రాంతం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చిన తరువాతా, పన్నుల వ్యవహారం అరబ్బీ, పారశీక మాటలను ఊరూరా చేర్చింది. తారీఖు, రోజు, సాలీనా, కిస్తీ, వాయిదా అన్నవన్నీ చెల్లింపుకు సంబంధించిన కాలాన్ని చెప్పే మాటలుగా వచ్చి, క్రమంగా అన్ని సందర్భాలకూ వ్యాపించాయి. పంటల లెక్కకోసం ఏర్పడిన ఫసలీ సంవత్సరం మద్రాసు రాష్ట్రంలో జూలై 1న మొదలయ్యేది. క్రీస్తు సంవత్సరంలోంచి 590 తీసివేస్తే ఫసలీ వస్తుంది కాబట్టి, 1900 జూలైలో మొదలైనది 1310 ఫసలీ. అడంగల్ వంటి భూమి పత్రాలలో ఈ సంఖ్య ఎంతో కాలం తరువాత కూడా నిలిచే ఉంది. ఆలయానికి తనదైన ఆర్థిక సంవత్సరం ఉండేది. తమిళుల ఆని మాసం ముగిసి ఆడి మొదలయ్యే రోజున, అంటే జూలై నడుమ, జరిగే ఆణివార ఆస్థానం పూర్వం పాత లెక్కలు మూసి కొత్త లెక్కలు తెరిచే సందర్భం. 1843 నుంచి దాదాపు తొంభై ఏళ్లు ఆలయాన్ని నిర్వహించిన హథీరాంజీ మఠం మహంతుల కాలంలో ఈ పద్ధతి సాగింది, దేవస్థానం ధర్మకర్తల మండలి చేతికి వచ్చాక లెక్కలు ఏప్రిల్, మార్చికి మారినా, ఆస్థానం మాత్రం పాత రోజుననే జరుగుతోంది.

ఇంగ్లీషు కాలపద్ధతి ఈ పొరల మీద వచ్చి చేరింది. తెలుగు నేర్చుకొని 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌన్ దొర, తెలుగువారి కాలగణనకూ ఇంగ్లీషు కాలగణనకూ మధ్య వంతెన వేయవలసిన అవసరాన్ని గుర్తించి, నిఘంటువుతోపాటు కాలమాన పట్టికలను కూడా ప్రచురించాడు. ఇంగ్లీషు, తెలుగు పలుకుబడులను ఎదురెదురుగా పెట్టి 1852లో వెలువరించిన వాక్యావళి, దేశభాషల కాలగణనను వివరిస్తూ 1863లో వెలువరించిన కర్ణాటక కాలమాన గ్రంథం, ఆ వంతెనలో భాగాలే. ఆ తరువాత రైళ్లు ఏ ఊరి సూర్యునితోనూ పనిలేని కాలాన్ని తెచ్చాయి. మొదట మద్రాసు వేధశాల వేళ రైల్వేలకు ప్రమాణమైంది, 1906 జనవరి 1 నుంచి 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశాన్ని ఆధారం చేసుకొన్న భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. ఆ రేఖ కాకినాడ సమీపంగా పోతుంది. తిరుపతి దానికి సుమారు మూడు డిగ్రీలు పడమరగా ఉండడంతో, ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ గడియారంలో సగటున పన్నెండు దాటి మరో పన్నెండు నిమిషాలు అవుతుంది. స్థానిక సూర్యోదయం మీద ఆధారపడే పంచాంగకర్తలు అప్పటినుంచి గడియలను గంటలు, నిమిషాలుగా మార్చి చెప్పే భారం కూడా మోయవలసి వచ్చింది.

బడిలో ఇంగ్లీషు కాలవాచక పదబంధాలు మూడు చిన్న మాటల ద్వారా పరిచయమవుతాయి. గడియారపు వేళకు యాట్, రోజుకూ తేదీకీ ఆన్, నెలకూ సంవత్సరానికీ ఇన్ వాడాలని ఉపాధ్యాయుడు చెబుతాడు. ఇది తెలుగుకు కొత్త విభజనేమీ కాదు. ఐదింటికి అన్నప్పుడు కి ప్రత్యయం, సోమవారం లేక సోమవారంనాడు అన్నప్పుడు ప్రత్యయం లేకపోవడమో నాడు చేరడమో, ఆగస్టులో అన్నప్పుడు లో ప్రత్యయం రావడం చూస్తే, బిందువుకు ఒకటి, రోజుకు ఒకటి, విస్తృతికి ఒకటి అన్న మూడంచెల విభాగం తెలుగులో ముందే ఉందని తేలుతుంది. బై, అంటిల్ అనే రెంటి తేడా కూడా అంతే. ఐదింటికల్లా రావాలి అనడానికీ ఐదింటిదాకా ఉండాలి అనడానికీ ఉన్న భేదం ప్రతి తెలుగు పిల్లవాడికీ తెలుసు. ఈ తెలిసిన భేదాన్ని ఆసరా చేసుకోకుండా, ఇంగ్లీషు సూత్రాన్ని ఇంగ్లీషులోనే కంఠస్థం చేయించడం మన బోధనలో చాలాకాలంగా కొనసాగుతున్న లోపం.

తడబాటు నిజంగా వచ్చేది ఒకే తెలుగు రూపం రెండు ఇంగ్లీషు రూపాలకు సరిపోయే చోట. 2022 నుంచి, రెండేళ్ల నుంచి అని తెలుగు రెండు చోట్లా నుంచి వాడుతుంది, ఇంగ్లీషు మొదటిదానికి సిన్స్, రెండోదానికి ఫర్ కోరుతుంది. అందుకే సిన్స్ టూ ఇయర్స్ అనే ప్రయోగం తెలుగునాట, ఆ మాటకొస్తే దేశమంతటా, వినిపిస్తుంది. రెండేళ్లుగా అనే మరో తెలుగు రూపం ఫర్‌కు దగ్గరగా ఉన్నందున, దానిని గుర్తుచేస్తే విద్యార్థి వెంటనే అందుకుంటాడు. టుడే మార్నింగ్, యెస్టర్‌డే నైట్ అనే ప్రయోగాలు మరింత ఆసక్తికరమైనవి. ఇంగ్లీషువారు ఈ పొద్దు, గత రాత్రి అన్నట్లుగా దిస్ మార్నింగ్, లాస్ట్ నైట్ అంటారు. తెలుగువారు రోజును ముందు చెప్పి, అందులోని భాగాన్ని తరువాత చెబుతారు, అదే శాసనాలలోని క్రమం, అదే సంకల్పంలోని క్రమం. వ్యాకరణ పుస్తకం దీనిని తప్పు అంటుంది, పరీక్షలో మార్కు పోతుంది. అయినా ఈ తప్పు వెనుక నిలకడైన ఒక ఆలోచనాక్రమం ఉందని విద్యార్థికి చెప్పడం ఉపాధ్యాయుని బాధ్యత, అప్పుడే తన భాష పట్ల చిన్నచూపు లేకుండా రెండో భాషను నేర్చుకోగలుగుతాడు. ఇంగ్లీషు వాక్యం వేళతో మొదలై రోజుకు, తేదీకి, నెలకు, సంవత్సరానికి విస్తరించగా, తెలుగు వార్తాపత్రికలు సంవత్సరం, నెల, తేదీ, వారం, పూట, వేళ అన్న దిగుడు క్రమాన్ని నేటికీ విడవలేదు.

రెండు పద్ధతుల మధ్య నిజమైన చిక్కు అర్ధరాత్రికీ సూర్యోదయానికీ మధ్య తలెత్తుతుంది. ఇంగ్లీషు రోజు అర్ధరాత్రి మారుతుంది, పంచాంగపు రోజు తెల్లవారాక మారుతుంది. తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో జరిగే సుప్రభాత సేవ టికెట్టు తేదీ ప్రకారం ఒక రోజుకు, పంచాంగం ప్రకారం దాని ముందు రోజుకు చెందుతుంది. ఈ చిక్కును విప్పడానికి తెలుగు శుభలేఖలు ఒక చక్కని పదబంధాన్ని తయారుచేసుకున్నాయి. ఆదివారం రాత్రి, తెల్లవారితే సోమవారం, అని ముహూర్తాన్ని నిర్దేశిస్తే, ఏ లెక్క పాటించేవారికైనా పొరపాటు రాదు. ఆ శుభలేఖలోనే వత్సరనామం, మాసం, తిథి, నక్షత్రం, లగ్నంతోపాటు ఇంగ్లీషు తేదీ, గంటలు, నిమిషాలు కూడా ఉంటాయి. దేవస్థానం తానుగా ప్రతి ఏటా రెండు నూతన సంవత్సరాలను అచ్చువేస్తుంది, జనవరికి క్యాలెండర్లు, డైరీలు, ఉగాదికి పంచాంగం.

అలిపిరి దగ్గర పాత గుర్తుల నుంచి గడియారపు వేళకు మార్పు మరింత వేగంగా జరిగింది. దాదాపు 3550 మెట్లున్న కాలిబాటలో నడిచేవారు దారిని గాలిగోపురం దాటాక, మోకాళ్ల పర్వతం ఎక్కాక అని మజిలీలతో కొలుచుకొనేవారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య రూపకల్పనలో నిర్మితమై, 1944 ఏప్రిల్‌లో మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ ప్రారంభించిన మొదటి ఘాట్ రోడ్డుతో బస్సుల రాకపోకల వేళలు వచ్చాయి, వాటితోపాటు ఎన్ని గంటలకు అన్న ప్రశ్నా వచ్చింది. నేడు అలిపిరి వద్ద భూదేవి కాంప్లెక్సులో ఇచ్చే సర్వదర్శనం టోకెను భక్తునికి ఒక తేదీనీ ఒక వేళనూ కేటాయిస్తుంది, దానిని తిరుపతిలో అందరూ స్లాట్ అనే అంటారు. 2023 ఆగస్టులో నడకదారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి మరణించిన తరువాత, పిల్లలతో మెట్లెక్కేవారికి మధ్యాహ్నం రెండు గంటలు దాటితే అనుమతి లేదన్న నిబంధన వచ్చింది. భద్రత కోసం ఇంత కచ్చితమైన గీత గీయవలసిన చోట పొద్దుగూకేలోపు అన్న పాత మాట చాలదు, గడియారపు వేళే కావాలి. అదే దారిలో నడిచే చిత్తూరు పల్లెల యాత్రికులు స్లాటు పదకొండింటికి ఉందని చెప్పుకొంటూనే పెరటాసి మూడో శనివారానికి మళ్లీ వస్తామని మొక్కుకొంటారు. ఒకే వాక్యంలో ఇంగ్లీషు మాట, గడియారపు అంకె, తమిళ మాసం, తెలుగు ప్రత్యయం కలిసినా ఆ వాక్యం వారికి పూర్తిగా తెలుగే.